మిగిలిన ఆ రెండు పళ్ల సంగతి ముందు చూడు

హనుమకొండలో ఒక డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తున్న అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దని కోరింది. వయసు 27, దంత వైద్య డిగ్రీ బీడీఎస్ పూర్తయి మూడేళ్లు. సొంతూరు పరకాల వైపు. తండ్రి పత్తి రైతు. మేనేజ్‌మెంట్ సీటు కోసం ఆయన రెండెకరాలు అమ్మి, అది చాలక బయట వడ్డీకి తెచ్చాడు. ఇంకా 6 లక్షల బాకీ ఉంది. క్లినిక్‌లో ఆమెకు జీతం 18 వేలు. నెలకు 3 లక్షల పని దాటితే పైన పర్సంటేజీ ఇస్తారు. దాటకపోతే నెలాఖరు మీటింగులో అందరి ముందు నిలబెట్టి అడుగుతారు. పేషెంటుకు ఏం చెయ్యాలన్నది చాలాసార్లు డాక్టరు నోరు తెరవకముందే, పేషెంట్లకు ఖర్చు లెక్క చెప్పే కౌన్సెలర్ కాగితం మీద రాసేస్తుంది.

మొన్న ఆమె అమ్మమ్మ వాళ్ల ఊళ్లో క్లినిక్ వాళ్లు ఉచిత క్యాంపు పెట్టారు. అక్కడికి ఒక అవ్వ వచ్చింది. 58 ఏళ్లు, షుగరు, బీపీ. కింది దవడ పన్ను నొప్పికి రెండు నెలలుగా ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, గోలీలు వాడుతోంది. "మన పిల్లే డాక్టరమ్మ కదా" అని హనుమకొండకు వచ్చింది. ఆరు పళ్లకు రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి నింపడం), పైన ఆరు క్యాప్‌లు (తొడుగులు), మొత్తం 54 వేలు అని కౌన్సెలర్ లెక్క వేసింది. ఆటో నడిపే కొడుకు పేరు మీద ఫైనాన్స్, 12 నెలలు, నెలకు 4,500. మొదటి కిస్తు కోసం అవ్వ చెవి కమ్మలు కుదువ పెట్టింది. నాలుగు పళ్లకు రూట్ కెనాల్ అయిపోయింది. చేసింది ఈ అమ్మాయే. క్యాప్‌లు ఇంకా రాలేదు. మిగతా రెండు పళ్లకు రెండు వారాల తర్వాత రమ్మన్నారు.

"ఆ నాలుగింటిలో నిజంగా అవసరమైంది ఒక్కటే మేడమ్. ఇంకోటి అటూ ఇటూగా ఉంది. మిగతా రెండూ ఫిల్లింగ్‌తో పోయేవి. నాకు తెలిసే చేశాను. అవ్వ వెళ్తూ వెళ్తూ నా చేతిలో సంచి నిండా అనపకాయలు పెట్టింది. ఆ రోజు నుంచి నిద్ర లేదు. ఉద్యోగం మానెయ్యాలా? అవ్వకు చెప్పాలా? చెబితే ఊళ్లో నా పేరు, బాపు పేరు పోతాయి. మిగిలిన రెండెకరాలు బ్యాంకులో పెట్టి పరకాలలో క్లినిక్ పెడదామని బాపు అంటున్నాడు. మన క్లినిక్ అయితే నీ ఇష్టం కదా బిడ్డా అంటాడు. నన్ను మీ బిడ్డ అనుకుని చెప్పండి" అని ముగించింది.

బిడ్డ అనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను తల్లీ.

నీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. అవ్వ పళ్లు, నీ ఉద్యోగం, మీ బాపు అప్పు. మూడూ ఒకేసారి తలలో తిరుగుతున్నాయి కాబట్టే నిద్ర పట్టడం లేదు. వీటిలో రెండింటికి ఆర్నెల్లు ఆలోచించే టైముంది. అవ్వ పళ్లకు రెండు వారాలే. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందుగా ఒక జాగ్రత్త. తప్పు చేశానన్న బాధలో అవ్వ దగ్గరికి పరుగెత్తి "ఇంక ఆ క్లినిక్ గడప తొక్కకు" అని చెప్పేవు. అలా చెబితే రెండో నష్టం చేసినట్టే. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను డొల్లగా ఉంటుందని నీకు తెలుసు. క్యాప్ లేకుండా జొన్నరొట్టె, మక్కగారెలు నమిలితే ఆర్నెల్లలోనో ఏడాదిలోనో నిలువునా చీలిపోవచ్చు. అప్పుడు పీకడమే గతి. అవసరం లేకుండా చేసిన పన్నుకు కూడా ఇప్పుడు క్యాప్ అవసరమే. కాబట్టి ఆ నాలుగింటికీ క్యాప్‌లు పడాలి. ఆగాల్సింది ఇంకా ముట్టుకోని రెండు పళ్ల దగ్గర.

ఆ రెండింటి విషయంలోనూ నీ మాటొక్కటే చాలదు. నువ్వు ఇప్పుడు అపరాధ భావంలో ఉన్నావు, ఆ బరువుతో చూస్తే ప్రతి పన్నూ బాగున్నట్టే కనిపిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే దానికన్నా పిప్పి లోతుగా ఉండటం మామూలే. ఆ రెండు పళ్లకు చల్లటిది తగిలించి చూశారా? తట్టి చూశారా? కేసు షీటులో ఆ పరీక్షలు రాసి ఉన్నాయా? నీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. లేకపోతే ఆ ప్లాన్ ఎక్స్‌రే ఒక్కటి చూసి వేసిందే. ఇంకో డాక్టరు చూడాలి. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలో దంత విభాగం ఉంది. హైదరాబాద్ దాకా వెళ్లగలిగితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. రెండుచోట్లా లైన్లో నిలబడాలి, ఒక రోజు కూలి పోతుంది, అది నిజం. కానీ అక్కడ కూర్చున్న డాక్టరుకు ఆ రెండు పళ్లతో వచ్చే లాభం ఏమీ లేదు. అవ్వ తన ఎక్స్‌రేలు, రిపోర్టుల కాపీలు అడిగి తీసుకోవచ్చు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రికార్డులు పొందే హక్కు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు రెండూ ఉన్నాయి.

ఇంకో మాట. నువ్వు రాసిన ఆ 54 వేల ప్లాన్‌ను నేను రెండుసార్లు చదివాను. అందులో చిగుళ్ల గురించి ఒక్క ముక్క లేదు. షుగరున్న 58 ఏళ్ల మనిషి నోరు చూశారు, ఆరు క్యాప్‌లు రాశారు, స్కేలింగ్, అదే పళ్ల క్లీనింగ్, రాయలేదు. మూడు నెలల సగటు షుగర్ ఎంతో అడగలేదు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లలో చీము ఉంటే షుగరు అదుపులోకి రానంటుంది. చిగుళ్లు, ఎముక గట్టిగా లేకపోతే ఎంత మంచి క్యాప్ వేసినా పన్ను ఊగి, క్యాప్‌తో సహా చేతికొస్తుంది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. అక్కరలేనివి చేయడం ఒక తప్పు. అక్కరకొచ్చేది చేయకపోవడం అంతకన్నా పెద్దది, దాని గురించి నువ్వు కూడా బాధపడలేదు. క్లీనింగులో మిగిలేది తక్కువ. పైగా క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని ఊళ్లలో భయం. అది పోగొట్టాలంటే పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. ఆ పది నిమిషాలకు ఏ టార్గెట్‌లోనూ లెక్క లేదు.

ఆర్‌ఎంపీ రెండు నెలలు ఇచ్చిన సూదుల సంగతి కూడా కనుక్కో. నొప్పి గోలీలు అన్ని రోజులు వాడితే, షుగరూ బీపీ ఉన్న మనిషికి కిడ్నీల మీద దెబ్బ పడే ప్రమాదం ఉంది. క్రియాటినిన్ పరీక్ష చేయించమని చెప్పు. వాపు లేని పంటినొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు, అయినా మన ఊళ్లలో పన్ను అనగానే మొదట పడేది అదే. దీనికి ఆ ఆర్‌ఎంపీని ఒక్కడినే తిట్టలేను. రాత్రి పదింటికి పన్ను సలుపుతుంటే ఆ ఊళ్లో తలుపు తీసే మనిషి ఇంకెవరున్నారు? మీ క్లినిక్ లాంటివి ఆయనకు కేసుకింత అని కమీషన్ ఇస్తున్నాయంటే మాత్రం అది వేరే విషయం. అలా ఇచ్చే డాక్టరు దంత వైద్యుల నీతి నియమాలను మీరుతున్నట్టే.

ఇక అవ్వకు చెప్పడం.

నా ఉద్దేశంలో చెప్పాలి. ఎలా చెప్పినా దానికి మూల్యం ఉంటుంది. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఏమీ చెప్పకుండా క్లినిక్‌లోనే ఆ రెండు పళ్ల పని ఆపించడం. "మళ్లీ పరీక్ష చేశాను, వీటికి ఫిల్లింగ్ చాలు" అని నువ్వే కేసు షీటులో రాయొచ్చు. ఆ అధికారం నీకుంది, రిజిస్ట్రేషన్ నంబరు నీది, కౌన్సెలర్‌ది కాదు. ఊళ్లో పేరు నిలుస్తుంది, అవ్వకు ఆ రెండు పళ్లు దక్కుతాయి. కానీ అయిపోయిన రెండు పళ్ల సంగతి నీ గుండెల్లోనే ఉండిపోతుంది. రెండు, అవ్వ కొడుకుకు ఫోన్ చేసి ఇంకో డాక్టరుకు చూపించమని మాత్రం చెప్పడం. అది సులువే. అయితే రేపు ఆ డాక్టరు "ఇవెందుకు చేశారు" అంటే, వాళ్లకు నిజం పరాయి మనిషి నోటి నుంచి తెలుస్తుంది. మూడు, నువ్వే ఎదురుగా కూర్చుని చెప్పడం. కొడుకు కోప్పడొచ్చు. నాలుగిళ్లకు చెప్పొచ్చు. క్లినిక్‌కు తెలిస్తే ఉద్యోగం పోవచ్చు. పని నీ చేతి మీద జరిగింది కాబట్టి ఫిర్యాదు దాకా వెళ్తే అందులో నీ పేరూ ఉంటుంది. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. ఏం చేస్తున్నామో, ఎందుకో, వేరే మార్గం ఏముందో చెప్పి ఒప్పించాలని 2008లో అదే కోర్టు ఇంకో తీర్పులో చెప్పింది. ఫిల్లింగ్ చేసినా సరిపోతుందని అవ్వకు ఎవరైనా చెప్పారా? ఆమె వేలిముద్ర వేసిన కాగితం తెలుగులో ఉందా? మూడో దారిలో నడిచే ముందు ఇవన్నీ తెలిసి ఉండాలనే చెబుతున్నాను.

నేనైతే మూడోదే ఎంచుకుంటాను. నీ పరిస్థితి నాది కాదు కాబట్టి ఎంచుకోవాల్సింది నువ్వే. ఎంచుకుంటే మాత్రం మాటలు ముందే సిద్ధం చేసుకుని వెళ్లు. ఏడుస్తూ చెబితే అవ్వే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. "అవ్వా, నీకు నొప్పి ఉన్న పన్నుకు చేసింది అవసరమే. మిగిలిన మూడింట్ల రెండింటికి సిమెంటు పెట్టినా సరిపోయేది, నేనే తొందరపడ్డ. చేసినయి కాబట్టి వాటికి క్యాప్‌లు వేయించుకోవాలె. ఇంకో రెండు పళ్లను ఎవ్వరినీ ముట్టుకోనియ్యకు, ఎంజీఎంల చూపిద్దాం, నేను తోడొస్త." ఇంతే. క్లినిక్ ఓనరు అలా చెప్పాడు, కౌన్సెలర్ ఇలా రాసింది అని అప్పుడే మొదలుపెట్టకు. వాళ్లు అడిగితే దాచొద్దు.

డబ్బు సంగతి కొడుకుతో విడిగా మాట్లాడు. కోపంలో అతను కిస్తు కట్టడం ఆపేస్తే నష్టం అతనికే. ఫైనాన్స్ కంపెనీ మొత్తం సొమ్ము క్లినిక్‌కు ముందే ఇచ్చేసి ఉంటుంది, బాకీ అతని పేరు మీద నడుస్తుంది. రేపు కొత్త ఆటోకు లోన్ అడిగితే సిబిల్ స్కోరు అడ్డం పడుతుంది. కాబట్టి కిస్తు కడుతూనే, చేయని రెండు పళ్ల తాలూకు 18 వేలు వెనక్కి ఇవ్వాలని క్లినిక్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒక కాపీ ఫైనాన్స్ కంపెనీకి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు. ఇవ్వకపోతే 1915 అనే వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. చాలా క్లినిక్‌లు కాగితం చూడగానే సర్దుబాటుకు వస్తాయి.

నా సంగతి ఒకటి చెప్పాలి. నేను దంత వైద్యురాలిగా ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది 1988లో. ఉత్తర తెలంగాణ ఆసుపత్రుల్లోనే రిటైరయ్యేదాకా చేశాను. మొదటి పదేళ్లు నా గదిలో ఒక కుర్చీ, పళ్లు పీకే సామాను, మత్తు సూది ఉండేవి. ఫిల్లింగ్ మెటీరియల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రూట్ కెనాల్ మాటే లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు పిప్పి పన్నుతో వచ్చేవాళ్లు. నిలబెట్టగలిగే పన్ను అని తెలిసి తెలిసి పీకాను. ఒకటి రెండు కాదు, వేలల్లో. బీడీలు చుట్టే ఒక పిల్ల పెళ్లికి పదిహేను రోజుల ముందు వచ్చింది, ముందు పన్ను. హైదరాబాద్ వెళ్లమన్నాను. బస్సు ఖర్చు లేదంది. పీకాను. ఆ పిల్ల అద్దం అడగలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేను సామాను లేక పీకాను, నువ్వు టార్గెట్ కోసం తవ్వావు. రెండుసార్లూ పన్నుకు ఏం కావాలన్నది చివర్న వచ్చింది. అందుకే నీ ఉత్తరం చదివి నిన్ను తప్పుపట్టే ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పటికీ పెద్ద మార్పేమీ లేదు. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది. ములుగులో, భూపాలపల్లిలో, జనగామలో, మహబూబాబాద్‌లో ఉన్నాయి. ప్రభుత్వ డెంటల్ కాలేజీ అంటే మాత్రం ఇప్పటికీ అఫ్జల్‌గంజే గుర్తొస్తుంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు, మంచిదే. నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అందులో వస్తుంది. ఆ నోట్లోనే రూట్ కెనాల్‌కు, క్యాప్‌కు, కట్టుడు పళ్లకు రాదు. గుండెకు లక్షలిచ్చే కార్డు పంటికి పనికిరాదు కాబట్టి, పన్ను నొప్పి వచ్చిన పేదవాడికి మిగిలేవి రెండే: పీకించుకోవడం లేదా ఈఎంఐ. మీ క్లినిక్ బతుకుతున్నది ఆ సందులోనే. ఓనరు దుర్మార్గుడా అని అడిగావు. నాకు తెలియదు. కుర్చీల లోన్, అద్దె, హోర్డింగుల ఖర్చు, ఆర్‌ఎంపీల కమీషన్, ఇవన్నీ ఆయన నెత్తి మీద ఉండి ఉంటాయి. ఆయన టెన్షన్ నీ మీదికి, నీ టెన్షన్ అవ్వ దవడలోకి దిగింది. అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను.

ఉద్యోగం సంగతికి వస్తే, రేపే రాజీనామా చేయమని చెప్పను. నెలకు 18 వేలు ఆగితే వడ్డీ కట్టేదెవరు? ముందు ఒకసారి ఓనరుతో మాట్లాడి చూడు. పర్సంటేజీ వద్దు, ఇంకో నాలుగు వేలు జీతం పెంచండి, ట్రీట్‌మెంట్ ప్లాన్ నా సంతకంతోనే వెళ్లాలి అని అడుగు. పర్సంటేజీ వదులుకుంటానన్న డాక్టరు మాటకు కొంచెం బరువుంటుంది. ఒప్పుకుంటే కొన్నాళ్లు ఉండు. "నచ్చకపోతే వెళ్లు" అంటే నీకు జవాబు దొరికినట్టే. ఈలోపు హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో చిన్న క్లినిక్‌లు చూడు. ఒక్క డాక్టరు నడిపేవి చాలా ఉన్నాయి. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట చేసే పిల్లలు ఉన్నారు. ఆదాయం మొదట్లో తగ్గొచ్చు. చేరే ముందు ఒక్క ప్రశ్న అడుగు: ఇక్కడ పన్నుకు ఏం చేయాలో ఎవరు నిర్ణయిస్తారు? అవతలి మనిషి ఎంతసేపు తడుముకుంటాడో చూడు, అదే నీకు చాలు.

ప్రభుత్వ పోస్టులు తక్కువే, నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. అయినా మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ప్రకటనలు చూస్తూ ఉండు. ఎండీఎస్, అంటే పీజీ చదువు మాట ఈ అప్పు తీరేదాకా పక్కన పెట్టు.

మీ బాపు మాట మీద మాత్రం గట్టిగా చెబుతాను. "మన క్లినిక్ అయితే నీ ఇష్టం" అన్నాడాయన. ప్రేమతో అన్నాడు. కానీ ఆ మాటలో లెక్క తప్పింది. కుర్చీ, కంప్రెషర్, ఆటోక్లేవ్, ఎక్స్‌రే, పరకాల మెయిన్ రోడ్డు మీద అడ్వాన్సు. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) దగ్గర రిజిస్ట్రేషన్, ఎక్స్‌రేకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, చెత్తకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. ఇవన్నీ అయ్యాక మొదటి ఏడాది రోజుకు నలుగురు వస్తే గొప్ప. అప్పుడు నెలకు 3 లక్షలు తేవాలని అడిగే ఓనరు ఉండడు, బ్యాంకు ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర పడిపోయిన ఏడాది, బాపు ముఖం చూస్తూ, నీ ఎదురుగా కుర్చీలో ఇలాంటి అవ్వే కూర్చుంటే ఏం రాస్తావు? అప్పు నీ పేరు మీదికి వస్తే టార్గెట్ కూడా నీ పేరు మీదికే వస్తుంది. సొంత క్లినిక్ వద్దనడం లేదు. మిగిలిన రెండెకరాలు పెట్టి ఇప్పుడే వద్దంటున్నాను. పాత బాకీ సగానికి తగ్గాక, రెండో చేతి కుర్చీతో, అద్దె తక్కువున్న గదిలో మొదలుపెట్టినవాళ్లు నాకు తెలుసు. నిదానంగా నిలబడ్డారు. పెళ్లి సంబంధాల వాళ్లు "క్లినిక్ ఎప్పుడు పెడుతుంది" అని అడుగుతున్నారని రాశావు. వాళ్ల కోసం భూమి కుదువ పెట్టే పని అసలే వద్దు.

ఇవన్నీ బాపుతో ఎలా చెప్పాలా అని భయపడుతున్నావు. అవ్వ సంగతి ఆయనకు చెప్పావా? ఉత్తరంలో ఎక్కడా లేదు. అవ్వ కన్నా ముందు ఆయనకు చెప్పు. ఊళ్లో మాట వస్తే మొదట వినేది ఆయనే, అది నీ నోటి నుంచే వినాలి. రెండెకరాలు అమ్మి చదివించిన మనిషి, నీ మీద కోప్పడినా నీతో పాటు ఆ ఊరికి వస్తాడని నాకనిపిస్తోంది.

ఈ ఆదివారం వెళ్లగలిగితే వెళ్లు. పోయేటప్పుడు ఎక్స్‌రే కాపీలు తీసుకెళ్లు, అవ్వ షుగరు చీటీలు అడిగి చూడు. తంబాకు నములుతుందేమో కనుక్కుని, బుగ్గల లోపల, నాలుక కింద లైటు వేసి చూడు. రెండు వారాలుగా మానని పుండు గానీ, తెల్ల మచ్చ గానీ ఉంటే అది అన్నింటికన్నా ముందు ఎంజీఎంలో చూపించాల్సిన సంగతి. క్యాంపులో మీరెవరూ అది చూసి ఉండరు. ఎంజీఎం డాక్టరు ఆ రెండు పళ్ల గురించి ఏమన్నాడో నాకు రాయి. నిజంగానే రూట్ కెనాల్ కావాలంటే అది కూడా రాయి.